మాయలోని దోషం ఎవరిది?

కమలాపురం వైపు పల్లెల్లో ఆడమనిషి కాన్పయినా, ఆవు ఈనినా పెద్దవాళ్ళు అడిగే మాట ఒకటుంది: మాయ పడిందా? మాయ పడేదాకా కాన్పు పూర్తయినట్టు కాదు. ఆ ఊరికి దగ్గర్లోనే, పెన్న ఒడ్డున పుష్పగిరి ఉంది. అక్కడి అద్వైత పీఠం వారికి మాయ అంటే వేరే సంగతి. ఉన్నదాన్ని కప్పిపెట్టి లేనిదాన్ని చూపించేది మాయ. ఈ రెండు మాటలదీ ఒకే వేరని నేను వాదించను. మొదటిదానికి మావి అనే రూపమూ ఉంది, ఆ తగువు భాషాశాస్త్రజ్ఞులు తీర్చుకుంటారు. కానీ కడుపు పోయిన ఇంట్లో ఈ రెండు మాయలూ కలిసిపోతాయి. అయిదో నెలలో గర్భం నిలవకపోయినా, నెలలు నిండి పుట్టిన బిడ్డ కిలోన్నరే తూగినా, ఆ తల్లి నోట వచ్చే మాట "ఏ జన్మలో ఏం పాపం చేసినానో" అన్నదే. ఆమె అనకపోతే ఆమె తరఫున అనడానికి ఇంట్లోనో వీధిలోనో మనిషి సిద్ధంగా ఉంటుంది. పాపాన్ని పోగొట్టేదని పేరు పెట్టుకున్న పాపాఘ్ని నది పెన్నలో కలిసేది కమలాపురం దగ్గరే. ఆ నీళ్ళలో కడుక్కోవలసిన పాపం ఆ తల్లి దగ్గర అసలుందా అన్నది నా ప్రశ్న. లేదని నా వాదం. ఆమె మీద మోపుతున్న దోషం చాలాసార్లు మాయది. దాన్ని ఆమెకు అంటగట్టడం, ఒకదాని ధర్మాన్ని ఇంకోదాని మీద మోపడమని శంకరాచార్యులు అధ్యాస పేరుతో చెప్పిన పొరపాటే.

ముందు మాయ ఎవరిదో తేల్చుకోవాలి. అది తల్లి శరీరంలో ఒక భాగమని చాలామంది అనుకుంటారు. కాదు. తల్లి నుంచి 23, తండ్రి నుంచి 23, మొత్తం 46 క్రోమోజోములతో మొదలైన ఒకే కణం రెండై, నాలుగై, అయిదారు రోజులకు నీళ్ళు నిండిన బోలు బంతిలా తయారవుతుంది. బంతి పైపొర గర్భసంచి గోడను కరుచుకుని మాయగా పెరుగుతుంది. లోపల ఒక పక్కన పేరుకున్న కొద్దిపాటి కణాలు బిడ్డవుతాయి. కాబట్టి మాయ బిడ్డకు తోబుట్టువు లాంటిది. ఒకే గింజలో పుట్టి, తొమ్మిది నెలలు బిడ్డకు అన్నమూ గాలీ మోసి, బిడ్డ ఊపిరి తీసుకున్న కాసేపటికి తన పని ముగించుకుంటుంది. ఈ తోబుట్టువులిద్దరూ అన్ని విషయాల్లోనూ ఒకేలా ఉండరు. కణం చీలేటప్పుడు క్రోమోజోముల పంపకంలో తేడా వస్తే ఒక కణంలో ఏదో ఒక క్రోమోజోము మూడు ప్రతులు పడుతుంది, ఇంకోదానిలో ఒకటే మిగులుతుంది. ఈ తేడా అండం సిద్ధమయ్యేటప్పుడే రావచ్చు, పిండం కట్టిన తర్వాతి రోజుల్లోనూ రావచ్చు. తొలి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సుమారు సగం ఈ లెక్క తప్పడం వల్లనే పోతాయి. కొన్నిసార్లు మాత్రం మూడు ప్రతులతో మొదలైన పిండంలో ఏదో ఒక కణం ఆ అదనపు ప్రతిని వదిలించుకుంటుంది. సరిపడిన ఆ కణం సంతానం బిడ్డవైపు చేరి, సరిపడనిది మాయవైపు మిగిలిపోతే, 46 క్రోమోజోముల బిడ్డను 47 క్రోమోజోముల మాయ మోస్తుంది.

ఈ సంగతిని కెనడాలోని వాంకూవర్‌లో డాగ్మార్ కలౌసెక్, ఫ్రెడ్ డిల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1983లో మొదటిసారి బయటపెట్టారు. మాయకే పరిమితమైన మొజాయిక్ అని దానికి పేరు. కడప బండ పరిచిన నేల ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒకే నలుపు. మొజాయిక్ గచ్చు అలా కాదు, రకరకాల ముక్కల కూర్పు. ఇలాంటి మాయ అలాంటి గచ్చు. పదకొండో వారం ప్రాంతంలో మాయ ముక్క తీసి చేసే పరీక్షల్లో నూటికి ఒకటి రెండింట ఇది కనిపిస్తుంది. వాటిలో అధిక భాగం బిడ్డలు ఏ ఇబ్బందీ లేకుండా పుడతారు. అయితే మాయలో ఏ క్రోమోజోము ఎక్కువైంది, ఎన్ని కణాల్లో ఎక్కువైంది అన్నదాన్ని బట్టి కథ మారుతుంది. 16వ క్రోమోజోము మూడు ప్రతులున్న మాయ సరిగా పనిచేయదు. బిడ్డ ఎదగదు, తల్లికి బీపీ పెరగవచ్చు, కాన్పు ముందే రావచ్చు, ఒక్కోసారి కడుపులోనే బిడ్డ ప్రాణం పోతుంది. బిడ్డ క్రోమోజోముల్లో ఏ లోపమూ కనిపించకపోయినా, అన్నం మోసే చెయ్యి వణికింది కాబట్టి బిడ్డ చిక్కిపోయింది. తిరగేసి చూస్తే ఇంకా ఆశ్చర్యం. 13వ క్రోమోజోమో 18వదో మూడేసి ఉన్న పిండాల్లో ఎక్కువ భాగం కడుపులోనే పోతాయి. పుట్టేదాకా బతికిన అలాంటి బిడ్డల మాయలను చూస్తే వాటిలో సరైన 46 క్రోమోజోముల కణాలు కనిపించాయని కలౌసెక్ బృందమే 1989లో రాసింది. అక్కడ లోపం బిడ్డది, నిలబెట్టింది మాయ. ఇక 2021లో కేంబ్రిడ్జ్ దగ్గరి వెల్‌కమ్ సాంగర్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 42 మాయల నుంచి ముక్కలు తీసి జన్యువులు చదివితే, మామూలు కాన్పుల మాయల్లో కూడా ఒక్కో ముక్క జన్యుపరంగా ఒక్కో తీరుగా ఉన్నట్టు తేలింది. తప్పులు పేరుకోవడం మాయ స్వభావంలోనే ఉందన్నమాట. లోకంలో నిక్షేపంగా తిరుగుతున్న మనలో ఎంతమంది మాయలు ఎన్ని తప్పులు మోశాయో చూసినవాళ్ళు లేరు.

ఇప్పుడు పాపపు లెక్క రాసేవాణ్ణి పిలిచి, ఏ పద్దులో రాస్తావని అడగాలి. బిడ్డ ఖాతాలో రాయడానికి బిడ్డ దేహంలో దోషం లేదు. తల్లి దేహంలోనూ లేదు. దోషమున్న చోట పాపమూ పుణ్యమూ చేయగల కర్త లేడు. మాయకు మనసు లేదు, సంకల్పం లేదు, ముందు జన్మా లేదు. దీనికంటే గట్టి సాక్ష్యం ముత్యాల గర్భం. కొందరికి నెల తప్పుతుంది, వాంతులు విపరీతంగా అవుతాయి, కడుపు నెలలకు మించి పెరుగుతుంది. స్కానింగులో మాత్రం బిడ్డ ఉండదు, ద్రాక్షగుత్తుల్లా నీటి బుడగలు కనిపిస్తాయి. అదంతా మాయే, లోపల బిడ్డంటూ ఏర్పడలేదు. పూర్తి స్థాయి ముత్యాల గర్భంలో 46 క్రోమోజోములూ ఉంటాయి, అయితే అన్నీ తండ్రివే. తల్లి క్రోమోజోములు లేకుండా పోయిన అండంలో తండ్రి వంతు రెట్టింపై, అది మాయగా మాత్రమే పెరుగుతుంది. తండ్రి జన్యువులు మాయను పెంచడంలో ముందుంటాయని, బిడ్డ రూపం కట్టాలంటే తల్లి జన్యువులూ కావాలని 1984లో ఎలుకల మీద జరిగిన ప్రయోగాలు చూపించాయి. ఇందులో ఎవరి కర్మ పండింది? జీవుడిదందామంటే అక్కడ దేహధారి అయిన జీవుడే లేడు. తల్లిదందామంటే ఆ కణాల క్రోమోజోముల్లో ఆమెది ఒక్కటీ లేదు. అయినా పసుపుకుంకుమల పేరంటానికి పిలుపు తగ్గేది ఆమెకే. నాగులకట్టకు ప్రదక్షిణలు చేయమని పంపేదీ ఆమెనే.

దీనికి సంప్రదాయం తెలిసినవారు చెప్పే సమాధానం తేలికైనది కాదు. క్రోమోజోము కేవలం పనిముట్టు, కర్మ తన ఫలాన్ని ఏదో ఒక పనిముట్టు ద్వారానే ఇస్తుంది, కత్తి కోసిందని చెప్పినంత మాత్రాన కోసిన చెయ్యి లేదని రుజువైనట్టా అని అడుగుతారు. మంచి ప్రశ్న. నా జవాబు ఇది: కత్తి వెనక చెయ్యి ఉందని చెప్పేవాడు ఆ చెయ్యి ఎవరిదో కూడా తెలుసనడం రెండో మెట్టు, మొదటి మెట్టు ఒప్పుకున్నా రెండోది దానంతట రాదు. మాయలో 16వ క్రోమోజోము ఎక్కువై బిడ్డ పోతే కర్మ, అదే క్రోమోజోమును పిండం వదిలించుకుని బిడ్డ బతికితే అదీ కర్మ అన్నప్పుడు, ఆ మాట రెండు ఫలితాలకూ సమానంగా అతుకుతుంది. రెంటికీ అతికే మాట ఒకదానికి సాక్ష్యం కాలేదు. పైగా వయసు సంగతి ఉంది. ఆడపిల్ల అండాలు ఆమె తన తల్లి కడుపులో ఉన్నప్పుడే మొదలై, సగం చీలి ఆగిపోయి, ఏళ్ళతరబడి అలాగే కాచుకుని ఉంటాయి. క్రోమోజోములను జతగా పట్టి ఉంచే బంధం కాలంతో సడలుతుంది. 16వ క్రోమోజోము ట్రైసోమీ, అంటే మూడు ప్రతులు పడటం, దాదాపు ఎప్పుడూ ఈ దారినే వస్తుంది. అందుకే ముప్పై అయిదు దాటాక ఇలాంటి తప్పులు పెరుగుతాయి. ఒకే మనిషికి ఇరవై రెండో ఏట ఉన్న పూర్వజన్మ నలభై రెండో ఏటా అదే కదా. పాత పాపం క్యాలెండరు చూసుకుని బరువెక్కదు. మన జిల్లాల్లో ఇలాంటి ప్రతిదాన్నీ మేనరికానికి ముడిపెట్టే అలవాటు కూడా ఉంది. మేనరికం వల్ల వచ్చే జబ్బులు వేరు. తల్లీ తండ్రీ ఇద్దరిలోనూ దాగి ఉన్న ఒకే లోపం బిడ్డలో కలవడం వల్ల అవి వస్తాయి. క్రోమోజోముల పంపకం తప్పడానికి మేనమామను పెళ్ళాడటం కారణం కాదు.

శాస్త్రాలన్నీ ఒకే గొంతుతో తల్లిని దోషిని చేశాయనుకోవడమూ తప్పే. గర్భోపనిషత్తు గుడ్డి, కుంటి, గూని బిడ్డలు పుట్టడాన్ని తల్లిదండ్రుల మనోవ్యాకులతకు ముడిపెట్టింది, నిజమే. తొమ్మిదో నెలలో శిశువుకు పూర్వజన్మలు గుర్తొస్తాయని, పుట్టగానే మరిచిపోతుందని కూడా అక్కడ ఉంది. కానీ చరక సంహిత శారీరస్థానం చదివితే మరో దారి కనిపిస్తుంది. బీజం, బీజంలో భాగం, ఆ భాగంలో మళ్ళీ అవయవం అని మూడు మెట్లుగా విడదీసి, ఏ మెట్టు చెడితే దానికి సంబంధించిన అంగమే చెడుతుందని, గుడ్డివాడి కొడుకు గుడ్డివాడు కానక్కరలేదని చరకుడు వాదించాడు. క్రోమోజోములు ఆయనకు తెలుసని గొప్పలు పోవడం నాకు ఇష్టం లేదు, తెలియవు. దోషాన్ని మనిషి మొత్తానికి పులమకుండా అది ఉన్న చోటనే వెతకాలన్న పద్ధతి మాత్రం ఆయనకు తెలుసు. నాడి మాయకు, మాయ తల్లి హృదయానికి అంటి ఉంటాయని కూడా రాశాడు. కడుపులోనే ఎండిపోయి ఎదగని బిడ్డకు ఆయన పెట్టిన పేరు నాగోదరం. పేరులో నాగం ఉన్నా కారణంలో నాగదోషం లేదు. గర్భిణి ఉపవాసాలు, వ్రతాలు పట్టడం, సరిలేని తిండి తినడం, నెయ్యీ నూనే మానేయడం కారణాలని చెప్పాడు. కడుపు నిలవాలని గర్భిణిచేత ఒంటిపూట ఉపవాసాలు చేయించే ఇళ్ళలో ఈ అధ్యాయం ఒకసారి చదివి వినిపిస్తే బాగుండును. సంయుత్త నికాయంలో మోళియ సీవకుడు బుద్ధుణ్ణి సూటిగా అడుగుతాడు, మనిషి పడే ప్రతి బాధా పూర్వకర్మ వల్లనేనా అని. పిత్తం, కఫం, వాతం, వాటి కలయిక, రుతువుల మార్పు, అజాగ్రత్త, పైనుంచి పడ్డ దెబ్బ, కర్మ అని ఎనిమిది కారణాలు లెక్కపెట్టి, అన్నిటినీ కర్మకే కట్టేవారు తమకు తెలిసిన హద్దు దాటి మాట్లాడుతున్నారని ఆయన జవాబు. కర్మను అందరికంటే గట్టిగా పట్టుకున్న మతాలలో ఒకటి చెప్పిన మాట ఇది. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి పాపం వీడిదా, వీడి తల్లిదండ్రులదా అని శిష్యులడిగితే ఇద్దరిదీ కాదన్నాడు యేసు, యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో.

అద్వైతి ఇంకో మెట్టు పైనుంచి అడుగుతాడు. కర్మను ఒప్పుకోకపోతే ఒక బిడ్డకు మంచి మాయను, ఇంకో బిడ్డకు చెడ్డ మాయను ఇచ్చిన ఈశ్వరుడు పక్షపాతి, నిర్దయుడు అవుతాడు కదా? బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయంలో ఈ ఆక్షేపణే ఉంది. జీవుల కర్మను అనుసరించి ఈశ్వరుడు ఫలమిస్తాడు కాబట్టి ఆయనకు ఆ దోషం అంటదని శంకరులు అక్కడ సమాధానపరిచారు. ఆ వాదాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. అయితే అది ఎవరి తరఫున వాదిస్తోందో చూడాలి. అది ఈశ్వరుడి మీది నింద తొలగించే వాదన. దాన్ని తెచ్చి కమలాపురంలో ఒక కోడలి మీద నేరారోపణగా వాడితే, ఒక కోర్టులో ముద్దాయిని విడిపించిన సాక్ష్యంతో ఇంకో కోర్టులో ఊరూ పేరూ లేనివాళ్ళను శిక్షించినట్టు. సృష్టిలో తేడాలకు మొత్తం మీద ఏదో కర్మ కారణమని ఒప్పుకోవచ్చు. ఈ కడుపు పోవడానికి ఈమె చేసిన ఈ పని కారణమని చెప్పడానికి కావలసిన జ్ఞానం ఎవరి దగ్గరుంది? కర్మగతి లోతు తెలియనిదని గీతే అంటోంది. నిజంగా ఆ లోతును నమ్మేవాడు తీర్పు చెప్పే ముందు నోరు కట్టుకోవాలి. శంకరులే బ్రహ్మసూత్ర భాష్యానికి రాసిన ముందుమాటలో అధ్యాసకు ఇచ్చిన ఉదాహరణ చూడండి. కొడుకో భార్యో లోపంతో ఉంటే నేనే లోపం ఉన్నవాణ్ణని మనిషి అనుకుంటాడు, బయటివాటి ధర్మాలను తన ఆత్మ మీద మోపుకుంటాడు అంటారాయన. గర్భం పోయిన తల్లి చేసేది ఇదే: మాయ ధర్మాన్ని బిడ్డకు, బిడ్డ ధర్మాన్ని తనకు. ఆమె చేసుకునేది అజ్ఞానం. చుట్టూ ఉన్నవాళ్ళు ఆమెచేత చేయించేదానికి అజ్ఞానమనే మాట చాలదు.

ఈ పొరపాటు గుడి మెట్ల దగ్గరే ఆగిందనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టు. గర్భిణి రక్తంలో బిడ్డ డీఎన్ఏ తేలుతూ ఉంటుందని 1997లో డెన్నిస్ లో బృందం ప్రకటించింది. దాని మీద ఆధారపడిన ఎన్ఐపీటీ అనే రక్తపరీక్ష ఇప్పుడు మన నగరాల ల్యాబుల్లోనూ చేస్తున్నారు. బిడ్డ డీఎన్ఏ అని అందరూ అనేది నిజానికి చాలామటుకు మాయ కణాల నుంచి రాలినది. మాయలో మాత్రమే ట్రైసోమీ ఉంటే పరీక్ష బిడ్డకే ఉన్నట్టు చూపిస్తుంది. తాడును చూసి పాము అన్నట్టే. ఒకటి చూసి ఇంకోటి అనుకోవడం ఇక్కడ ప్రింటౌటు రూపంలో వస్తుంది కాబట్టి అనుమానం ఎవరికీ రాదు. అందుకే ఆ ఫలితాన్ని తీర్పుగా తీసుకోకూడదని, ఉమ్మనీరు తీసి పరీక్షించి నిర్ధారించుకోవాలని జన్యు నిపుణులు పట్టుబడతారు. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ, నిమ్స్ వంటి చోట్ల ఆ పని చేసేవాళ్ళున్నారు. 2021 సవరణ తర్వాత గర్భస్రావ చట్టం, పిండంలో తీవ్ర లోపముందని మెడికల్ బోర్డు తేల్చిన సందర్భాల్లో 24 వారాలు దాటినా అనుమతిస్తోంది. ఆ వెసులుబాటు అవసరమైనదే. కానీ రక్తపరీక్ష కాగితం ఒక్కటే చూసుకుని తొందరపడితే, మాయ చేసిన తప్పుకు బిడ్డను బలిపెట్టే ప్రమాదముంది. పూర్వజన్మ పాపమన్న పెద్దామె, కాగితం చూసి తీర్పిచ్చేసిన డాక్టరు ఒకరి మొహం ఒకరు చూడరు గానీ, ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు.

మిగిలింది అన్నిటికన్నా కష్టమైన ఆక్షేపణ. పాపం కాదు, ఎవరి తప్పూ కాదు, కణం చీలేటప్పుడు జరిగిన పొరపాటు అని చెబితే ఆ తల్లికి ఏం మిగులుతుంది? కారణం లేని దుఃఖం కంటే కారణమున్న దుఃఖం నయం కదా, పాపమైతే ప్రాయశ్చిత్తమైనా ఉంటుంది, పాపాఘ్నిలో మునిగితే కడుక్కుపోతుందన్న ఆశైనా ఉంటుంది. ఈ మాటలో నిజముంది, దాన్ని కాదనలేను. మునక వేయడం వల్ల ఆమె గుండె తేలికైతే వేయనివ్వండి. కమలాపురం దర్గా ఉరుసులో తలవంచి అల్లా రాత అనుకునే తల్లి, తన తప్పు వెతుక్కోకుండానే ఊరట పొందుతోంది, అది గమనించదగ్గది. ఊరటకు నేరం ఒప్పుకోలు అవసరం లేదని దానివల్ల తెలుస్తోంది. అదీగాక యాదృచ్ఛికం అన్న మాటను కూడా ఇష్టం వచ్చినట్టు వాడకూడదు. మాయ పనిచేయకపోవడానికి క్రోమోజోములే కారణం కానక్కరలేదు. బీపీ, రక్తహీనత, షుగరు, పొగాకు, ఎండలో బండ పని, ఇవన్నీ కనిపించే కారణాలు, పట్టుకుంటే దొరికేవి. వీటిని కర్మ పద్దులో వేసినా, యాదృచ్ఛికం పద్దులో వేసినా చెయ్యి కడిగేసుకోవడమే అవుతుంది. ఏది మన చేతిలో ఉంది, ఏది లేదు అన్న గీత ఒక్కో కాన్పులో విడిగా గీయాలి. ఆ గీత గీయడానికి కావలసిన సాక్షి ఒకటే, మాయ.

ఇంట్లో కాన్పులైన రోజుల్లో మాయను పెరట్లో లోతుగా గుంట తీసి, కుక్కలు లాగకుండా పూడ్చేవారు. అందులో ఒక మర్యాద ఉండేది, బిడ్డతో వచ్చినదన్న గుర్తింపు ఉండేది. ఇప్పుడు కాన్పులు ఆసుపత్రుల్లో. బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం మాయ పసుపు సంచిలోకి పోతుంది, అక్కడి నుంచి కాల్చే చోటికి. బిడ్డ చచ్చి పుట్టినా, కిలోన్నరే తూగినా, దాన్ని తూచి, కోసి చూసి, ఒక ముక్క ల్యాబుకు పంపడం మన దగ్గర అరుదు. మూడో రోజో నాలుగో రోజో మంచం మీద లేచి కూర్చుని ఆ తల్లి "ఏం పాపం చేసినానో" అని అడిగే వేళకు, జవాబు దొరికే అవకాశమున్న ఆ అరకిలో మాంసం కాలి బూడిదై ఉంటుంది.